పెద్ద డిస్ట్రిక్టా చిన్నదా కాదు, పరీక్ష ఎవరికి పెడుతున్నారన్నది చూడాలి

అమెరికాలో పెద్ద స్కూల్ డిస్ట్రిక్టుకి (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నీ నడిపే సంస్థకి) మారితే, చురుకైన పిల్లల కోసం విడిగా నడిపే గిఫ్టెడ్ క్లాసులో సీటు ఖాయమని కొందరంటారు. సగమే నిజం. ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీ దేశంలోనే అతి పెద్ద డిస్ట్రిక్టుల్లో ఒకటి. అక్కడ కూడా 2005కి ముందు టీచరో తల్లిదండ్రులో పేరు చెబితేనే పరీక్ష. ఆ ఏడాది నుంచి రెండో తరగతి వాళ్లందరికీ, మాటలతో పనిలేని బొమ్మల పరీక్ష పెట్టారు. అందులో స్కోరు 130 వస్తే, పేద పిల్లలకీ ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్లకీ అయితే 115 వస్తే, సైకాలజిస్టు దగ్గర ఐక్యూ పరీక్షకి పంపారు. అంతవరకూ ఎవరి కంటా పడని నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు చాలామంది అలా తేలారు.

చిన్న డిస్ట్రిక్టు చిక్కు వేరు. 130 స్కోరు అందుకునేది సుమారు వందలో ఇద్దరు. తరగతికి 40 మంది ఉన్న ఊళ్లో ఒక్కరు తేలితే గొప్ప. ఆ ఒక్కరికోసం టీచర్ని ఎక్కడ పెడతారు? అలాంటి చోట విడి క్లాసు కోసం పట్టుబట్టొద్దు. లెక్కలకి మాత్రం పై తరగతిలో కూర్చోబెట్టమనండి, దాదాపు ఖర్చుండదు. కాకపోతే రెండు తరగతుల లెక్కల పీరియడూ ఒకే టైముకి పడాలి, లేదంటే పిల్లాడికి సైన్సు పోతుంది. అందుకే టైంటేబుల్ వేయకముందే, వేసవి సెలవులకి ముందే, ఈమెయిల్లో అడగాలి. పై తరగతి వేరే బిల్డింగులో ఉంటే బస్సు సంగతి కూడా అందులోనే రాయండి.