మే నెలలో కొట్లాట, ఆగస్టులో ఖాళీ కుర్చీలు

ఏప్రిల్ వచ్చిందంటే టెక్సస్‌లోని ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇంటి పన్ను మీద ఒకటే గోల. "కౌంటీ వాడు మళ్లీ పెంచేశాడు", "ఏ ఏజెంటు మంచోడు", "మీకెంత తగ్గింది". ఇంటి విలువ నోటీసు మీద ప్రొటెస్టు, అంటే అభ్యంతరం, వేసే గడువు మే 15 దాటగానే అంతా సద్దుమణుగుతుంది. మన జేబులోంచి ఎంత పోవాలో అసలు తేలేది ఆ తర్వాత, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. అప్పుడు మనవాళ్లు దాదాపు ఎవరూ కనబడరు. నా బాధంతా దాని గురించే.

ఏప్రిల్‌లో వచ్చే ఆ నోటీసు పంపేది కౌంటీ కాదు. ఆస్టిన్ ఉన్న ట్రావిస్ కౌంటీలో దానికి ట్రావిస్ సెంట్రల్ అప్రైజల్ డిస్ట్రిక్ట్ అని వేరే సంస్థ ఉంది. జనవరి 1 నాటికి మీ ఇంటి విలువ ఎంతో చెప్పడం వరకే దాని పని. పన్ను రేటు పెట్టేది స్కూల్ డిస్ట్రిక్టు (ఐఎస్‌డీ), నగరం, కౌంటీ, కమ్యూనిటీ కాలేజీ (ఏసీసీ), ప్రజావైద్యం చూసే సెంట్రల్ హెల్త్. ఎవరి రేటు వాళ్లదే. వసూలు చేసేది మాత్రం అందరి తరఫునా కౌంటీ టాక్స్ ఆఫీసు. బిల్లు మీద దాని పేరు ఉంటుంది కాబట్టి తిట్లన్నీ కౌంటీకి పడతాయి.

2024 బిల్లు తీసి చూడండి. ఆస్టిన్ నగరంలో, ఆస్టిన్ ఐఎస్‌డీ పరిధిలో ఉన్న ఇంటికి ప్రతి వంద డాలర్ల విలువ మీద స్కూలుకు దాదాపు 95 సెంట్లు, నగరానికి 48, కౌంటీకి 34, సెంట్రల్ హెల్త్‌కు 11, ఏసీసీకి 10. అంటే కౌంటీ వాటా ఆరో వంతు దగ్గర. 5 లక్షల డాలర్ల ఇల్లు, హోమ్‌స్టెడ్ (సొంతంగా నివసించే ఇంటికి ఇచ్చే పన్ను మినహాయింపు) ఉంది అనుకుంటే ఆ ఏడాది స్కూలుకు సుమారు 3,800, నగరానికి 1,910, కౌంటీకి 1,380 డాలర్లు. అందులో స్కూలు పేరుతో మనం కట్టినదంతా మన పిల్లల బడికే పోతుందనుకుంటే పొరపాటు. ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టుల నుంచి రాష్ట్రం రీకాప్చర్ కింద డబ్బు తీసేసుకుంటుంది. 1993 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. ఏళ్ల తరబడి రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ కట్టింది ఆస్టిన్ ఐఎస్‌డీయే. ఈ ముక్క కౌంటీ కమిషనర్లను అడిగి లాభం లేదు, క్యాపిటల్ భవనంలో కూర్చునే ఎమ్మెల్యేలను అడగాలి.

ప్రొటెస్టు వద్దని నేను అనడం లేదు. వేయండి. ఫైల్ చేయడానికి రూపాయి ఖర్చు లేదు. గడువు మే 15, లేదా నోటీసు పంపిన తేదీ నుంచి 30 రోజులు, ఏది తర్వాత వస్తే అది. కానీ తెలిసి వేయండి. మీ నోటీసులో రెండు అంకెలుంటాయి, మార్కెట్ విలువ ఒకటి, పన్ను లెక్కకు తీసుకునే అసెస్డ్ విలువ ఒకటి. హోమ్‌స్టెడ్ ఉన్న ఇంటికి అసెస్డ్ విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదు, కొత్తగా కట్టిన భాగం లెక్క వేరు. మార్కెట్ విలువ 6 లక్షలు, అసెస్డ్ 5 లక్షలు ఉందనుకోండి. మీ తరఫున ప్రొటెస్టు వేసే ఏజెంటు మార్కెట్‌ను 5 లక్షల 60 వేలకు దించి "40 వేలు తగ్గించాం" అంటాడు. మీ పన్ను ఒక్క డాలరు తగ్గదు. మార్కెట్ విలువ 5 లక్షల కిందికి వస్తేనే ఆ ఏడాది మీకు లాభం.

సాక్ష్యం విషయంలోనూ ఇదే అజాగ్రత్త. టెక్సస్‌లో ఇంటి అమ్మకం ధర ప్రభుత్వానికి చెప్పాలన్న నియమం లేదు, కాబట్టి అప్రైజల్ డిస్ట్రిక్టు దగ్గర ఉన్న లెక్క కూడా అరకొరే. వాళ్లు హియరింగ్‌లో చూపించబోయే సాక్ష్యాన్ని కనీసం 14 రోజుల ముందు అడిగి తెప్పించుకునే హక్కు మీకుంది. చాలామంది అడగనే అడగరు. అందులో వాళ్లు పోల్చిన ఇళ్లు చూడండి. మీ ఇంటి వెనక హైవే ఉండి, వాళ్లు పోల్చిన ఇంటి వెనక గ్రీన్‌బెల్టు ఉంటే అదే మీ వాదన. ఫౌండేషన్ పగుళ్లు, పాతబడ్డ రూఫ్, కాంట్రాక్టర్ ఇచ్చిన ఎస్టిమేట్, తేదీ కనిపించే ఫొటోలు పని చేస్తాయి. "పన్ను చాలా ఎక్కువైపోయింది" అన్న మాట అక్కడ చెల్లదు, ఎందుకంటే పన్ను వాళ్ల చేతిలో లేదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఊరందరి విలువా తగ్గితే ఎవరి పన్నూ తగ్గనవసరం లేదు. కిందటేడు వచ్చినంత రాబడే ఈ ఏడూ రావడానికి ఎంత రేటు కావాలో నగరం, కౌంటీ చట్టప్రకారం లెక్క వేస్తాయి. విలువలు పడితే ఆ రేటు పైకి లేస్తుంది. అందుకే ప్రొటెస్టు మీ భారాన్ని పక్కింటివాళ్ల మీదికి జరుపుతుందే గానీ మొత్తం బడ్జెట్‌ను తగ్గించదు. బడ్జెట్ తగ్గాలన్నా, పెరిగిన డబ్బు మంచి పనికి పోవాలన్నా మాట్లాడాల్సిన చోటు వేరు.

ఆ చోటు కమిషనర్స్ కోర్టు. పేరులో కోర్టు ఉన్నా కేసులు విచారించేది కాదు, కౌంటీకి పాలకవర్గం. కౌంటీ జడ్జి ఒకరు, నలుగురు కమిషనర్లు, అందరూ ఎన్నికైనవాళ్లే. కౌంటీ జడ్జిని మన జిల్లా కలెక్టరులా ఊహించుకుని అర్జీలు పట్టుకెళ్తే నిరాశ తప్పదు. బడ్జెట్ మీద ఆయనకున్నదీ అయిదింటిలో ఒక ఓటే. విపత్తు వచ్చినప్పుడు మాత్రం ఎమర్జెన్సీ బాధ్యత ఆయనది. ట్రావిస్ కౌంటీ కమిషనర్లు డౌన్‌టౌన్‌లో 700 లవాకా వీధిలో మంగళవారం పొద్దున కూర్చుంటారు. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలు, కాబట్టి ఆగస్టు, సెప్టెంబరుల్లో రేటు తేలిపోవాలి, దానికి ముందు బహిరంగ విచారణ తప్పనిసరి. ఆగస్టు మొదట్లో ఒక వెబ్‌సైట్‌లో మీ ఇంటి పేరున ఏ సంస్థ ఎంత ప్రతిపాదించింది, విచారణ ఏ రోజు, ఎక్కడ, అన్నీ పెడతారు. ఆ సమాచారం చూడమని వచ్చే నోటీసును మనవాళ్లు ప్రకటనల కాగితం అనుకుని చెత్తబుట్టలో వేస్తున్నారు.

2019లో వచ్చిన చట్టం ప్రకారం నగరాలు, కౌంటీలు పాత ఆస్తుల మీద నిర్వహణ రాబడిని 3.5 శాతం మించి పెంచాలంటే నవంబరులో ఓటర్ల దగ్గరికి రావాలి. అంతకుముందు ఆ హద్దు 8 శాతం. విపత్తు ప్రకటన ఉంటే మళ్లీ 8 వరకు ఓటు లేకుండా పోవచ్చు. 2025 జూలై వరదల తర్వాత ట్రావిస్ కమిషనర్లు ఆ వెసులుబాటు వాడుకున్నారు. 2024 నవంబరులో పిల్లల సంరక్షణ కోసం కౌంటీ అడిగిన 2.5 సెంట్లకు ఓటర్లు ఒప్పుకున్నారు. 2025 నవంబరులో ఆస్టిన్ నగరం అడిగిన 5 సెంట్లను తిప్పికొట్టారు. ఓటు హక్కు లేనివాళ్లు కూడా విచారణలో నిలబడి మాట్లాడవచ్చు. వీసా మీద ఉన్నాం, మనకెందుకు అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇల్లు ఉంటే బిల్లు మీదే, అద్దెకున్నా ఆ భారం అద్దెలో కలిసే వస్తుంది.

నగర హద్దు దాటి ఇల్లు కొన్నవాళ్ల పరిస్థితి ఇంకా చిక్కు. చిరునామాలో ఆస్టిన్ అని ఉంటుంది, ఇల్లు విలియంసన్ కౌంటీలో ఉంటుంది. లేదా లియాండర్ అని ఉంటుంది, ఇల్లు ట్రావిస్‌లో. పోస్టాఫీసు పేరుకూ పాలనకూ సంబంధం లేదు. నగరంలో లేని ఇంటికి పోలీసు కాదు, షెరీఫ్ వస్తాడు. అగ్నిమాపక సేవ ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్టుది, దాని పన్ను వందకు 10 సెంట్లు మించకూడదు. పక్క ఖాళీ స్థలంలో గోడౌన్ కడుతున్నారు, ఆపండని కౌంటీకి ఫిర్యాదు చేస్తారు. టెక్సస్‌లో కౌంటీలకు జోనింగ్ అధికారం సాధారణంగా లేదు. కమిషనర్ జాలిపడటం తప్ప చేయగలిగింది చాలా తక్కువ.

నీళ్లు, డ్రైనేజీ మడ్ చేతిలో ఉంటాయి, అంటే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్టు. బిల్డరు వేసిన పైపుల ఖర్చును బాండ్లు అమ్మి తిరిగి ఇస్తుంది, ఆ బాండ్లు తీర్చేది ఇళ్లు కొన్నవాళ్లు. ఇల్లు కొనేముందు మడ్ అప్పు, రేటు తెలిపే నోటీసు ఇవ్వాలని చట్టం చెబుతోంది. సంతకాల కట్టలో ఆ కాగితం మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తున్నారు. అయిదుగురు డైరెక్టర్లుండే ఆ బోర్డు ఎన్నికకు వచ్చే ఓట్లు కొన్నిచోట్ల ఒక పెళ్లి భోజనానికి వచ్చేవాళ్లకంటే తక్కువ. మన కాలనీవాళ్లే నాలుగైదు ఇళ్లు కలిసి నిలబడితే బోర్డు మారిపోతుంది.

కొత్త ఇల్లు కొన్నవాళ్లకు రెండో ఏడు తగిలే దెబ్బ కూడా కౌంటీ చేసింది కాదు. మార్చిలో పూర్తయిన ఇంటికి ఆ జనవరి 1న ఉన్నది స్థలం, సగం గోడలు. పన్ను దాని మీదే పడుతుంది. బ్యాంకు ఆ చిన్న బిల్లు చూసి ఎస్క్రో, అంటే పన్ను కోసం నెల కిస్తీతో కలిపి వసూలు చేసి దాచే డబ్బు, నిర్ణయిస్తుంది. మరుసటి ఏడాది పూర్తి ఇంటి విలువ మీద బిల్లు వస్తుంది, ఎస్క్రోలో వేల డాలర్లు తక్కువ పడతాయి, నెల కిస్తీ ఒక్కసారి పైకి లేస్తుంది. బ్యాంకు లెక్కను నమ్ముకోకుండా పూర్తి ధరను మొత్తం రేటుతో గుణించి, ఆ డబ్బు మొదటి ఏడు నుంచే పక్కన పెట్టుకోండి.

హోమ్‌స్టెడ్ మినహాయింపుకు అప్రైజల్ డిస్ట్రిక్టులో ఉచితంగా దరఖాస్తు చేయవచ్చు, ఫారం 50-114. ఇంటికి వచ్చే "ఫీజు కట్టండి, మేం వేస్తాం" ఉత్తరాలు పారేయండి. డ్రైవింగ్ లైసెన్సులో చిరునామా ఆ ఇంటిదే ఉండాలి. అక్కడే ఎక్కువ దరఖాస్తులు ఆగిపోతాయి. పౌరసత్వం షరతు కాదు, ఆ ఇంట్లో నివసించాలి అంతే. స్కూలు పన్నులో మినహాయింపు 2025 నుంచి 1,40,000 డాలర్లు. ట్రావిస్ కౌంటీ విడిగా 20 శాతం ఇస్తుంది. మర్చిపోయినవాళ్లు పన్ను గడువు దాటిన రెండేళ్ల లోపు వెనక్కి వేసుకోవచ్చు. 10 శాతం హద్దు మాత్రం మినహాయింపు దొరికిన తర్వాతి జనవరి 1 నుంచే మొదలవుతుంది.

మిగతా పనులకు ఏ ఆఫీసుకు వెళ్లాలో త్వరగా చెప్పేస్తాను. కారు రిజిస్ట్రేషన్, టైటిల్ బదిలీ, ఓటరు నమోదు కౌంటీ టాక్స్ ఆఫీసులో. డ్రైవింగ్ లైసెన్సు రాష్ట్ర పబ్లిక్ సేఫ్టీ శాఖ (డీపీఎస్)లో. పెళ్లి లైసెన్సు, ఎన్నికల నిర్వహణ కౌంటీ క్లర్కు దగ్గర. పెళ్లి లైసెన్సు తీసుకున్నాక 72 గంటలు ఆగాలి, 90 రోజుల్లో పెళ్లి జరిగిపోవాలి. ముహూర్తం శనివారం ఉంటే శుక్రవారం వెళ్లకండి.

పన్ను గడువు జనవరి 31. ఫిబ్రవరి 1న 7 శాతం అదనం మొదలవుతుంది, జూలైకి 18 శాతం అవుతుంది, దాని మీద వసూలు ఖర్చు 20 శాతం వరకు పడవచ్చు. ఎస్క్రో ఉన్నవాళ్లు బ్యాంకు నిజంగా కట్టిందో లేదో జనవరి మూడో వారంలో కౌంటీ టాక్స్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. బ్యాంకు కట్టకపోయినా జరిమానా పడేది మీ ఇంటి ఖాతా మీదే.