చొక్కా జేబులో పంచాయతీ

నర్సంపేట రోడ్డు మీది ఒక గ్రామ పంచాయతీకి (పేరు రాస్తే మమ్మల్ని వదిలేశారేమని పక్క ఊళ్లవాళ్లు నొచ్చుకుంటారు) ఒక సంతకం కోసం వెళ్లాను. సర్పంచ్ కుర్చీలో తెల్లచొక్కా పెద్దమనిషి కూర్చుని ఉన్నారు. సర్పంచ్ గారు కావాలంటే, "నేనే, చెప్పుండ్రి" అన్నారు. ఆయన వెనక గోడ మీద రాసి ఉన్నది ఒక స్త్రీ పేరు.

స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు ఇచ్చిన రాష్ట్రం మన తెలంగాణ కనుక ఈ పాలనా విధానాన్ని శ్రద్ధగా గమనించాను. ఆయన నా కాగితాన్ని ఆసాంతం చదివి, జేబులోంచి రబ్బరు ముద్ర తీసి, దాని మీద నోటితో ఊది, దైవకార్యంలా గుద్ది, సంతకానికి మాత్రం పంచాయతీ గుమాస్తా అయిన కారోబార్‌ను బండి మీద ఇంటికి పంపారు. అరగంటకు కాగితం తిరిగి వచ్చింది. అంచున పసుపు మరక, కింద ముత్యాల్లాంటి సంతకం. "మా ఇంటామె డిగ్రీ చదివింది" అన్నారు గర్వంగా. మరి ఇక్కడికి రారేమని అడిగితే, "ఆడామెకు ఆఫీసుల ఏం పని సార్?" అన్నారు.

పదమూడో శతాబ్దంలో ఇదే ఓరుగల్లులో కూతురిని గద్దెనెక్కించడానికి గణపతిదేవుడు ఆమెకు రుద్రదేవ మహారాజని మగ పేరు పెట్టవలసి వచ్చింది. ఇన్ని శతాబ్దాల్లో మనం సాధించిన ప్రగతి ఏమిటంటే, ఇప్పుడు మగవాడు కుర్చీ ఎక్కడానికి ఆడపేరు వాడుకుంటున్నాడు. రుద్రమ భర్త చాళుక్య వీరభద్రుడు రాజముద్రను మొలలో దోపుకుని తిరిగాడని ఏ శాసనంలోనూ నేను చదవలేదు.

2023లో 106వ రాజ్యాంగ సవరణతో చట్టసభల్లోనూ మూడో వంతు మహిళలకన్నారు. జనగణన, పునర్విభజన అయ్యాకే అన్నారు. అదే ఏడు మన శాసనసభలో 119 స్థానాలకు గెలిచిన మహిళలు 10 మంది. ఆలస్యాన్ని తప్పుపట్టకూడదు, దాదాపు నలభై మంది భర్తలకు తెల్లచొక్కాలు కుట్టాలి కదా.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సర్పంచ్‌ను కలెక్టర్ తొలగించవచ్చు. లెక్క తేలకపోయినా, నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకకపోయినా జవాబు చెప్పవలసింది ఆమె. చెక్కు మీద సంతకం ఆమెది, కమీషన్ మాట్లాడిన నోరు నీది. కుర్చీ నీకు, కేసు ఆమెకా? సిగ్గు లేదా? అంతా తెలిసి, సమీక్షా సమావేశాల్లో నిన్నే "సర్పంచ్ గారూ" అని పిలిచి చాయ్ పోసే అధికారులకు అసలే లేదు.

నేను బయలుదేరుతుండగా కారోబార్ జిల్లా కార్యాలయం నుంచి వచ్చిన కవరు అందించాడు. తెల్లచొక్కాయన విప్పి రెండు వరుసలు చదివి, మళ్లీ జాగ్రత్తగా మడిచి ఇచ్చేశారు.

"ఇది సర్పంచ్‌కు వచ్చింది. ఇంట్ల ఇచ్చిరాపో."