నోరెండితే దొంగేనా?

ఇంట్లో గొలుసు కనిపించలేదంటే, మన ఊళ్ళలో అనుమానం మొదట పనిమనిషి మీదికే పోతుంది. పోలీసు స్టేషను కంటే ముందు మంత్రగాడి గుమ్మం తొక్కేవారు ఇంకా ఉన్నారు. మంత్రించిన బియ్యం తెచ్చి, నలుగురినీ వరసగా కూర్చోబెట్టి నమిలిస్తారు. ఎవరి నోట్లో బియ్యం పొడిపొడిగా మిగిలితే వారే దొంగ.

ధర్మశాస్త్రాలు దీన్ని తండుల దివ్యం అన్నాయి. తండులం అంటే బియ్యం, దివ్యం అంటే దైవం సాక్షిగా నిందితుడికి పెట్టే పరీక్ష. ఉమ్మిన బియ్యంలో నెత్తురు కనిపించినా, ఒళ్ళు వణికినా దోషే అని నారద స్మృతి లెక్క. పదిమంది ఎదుట దొంగ అనిపించుకుని కూర్చున్న ఏ ఆడకూతురికి ఒళ్ళు వణకదు? భయం పుడితే నోట్లో తడి ఆరిపోతుంది, ఎంత నిజాయితీపరులకైనా అంతే. అసలు దొంగ గుండె దిటవు గలవాడైతే, మెత్తగా నమిలి లేచి వెళ్ళిపోతాడు.

అగ్ని దివ్యం ఇంకా దారుణం. యాజ్ఞవల్క్య స్మృతి ప్రకారం ముందు నిందితుడి అరచేతుల్లో వడ్లు నలిపించి, పాత మచ్చలు గుర్తు పెట్టుకుంటారు. ఏడు రావి ఆకులు పరిచి దారం చుట్టి, వాటి మీద ఎర్రగా కాలిన ఇనుము పెడతారు. దాన్ని మోస్తూ నేల మీద గీసిన ఏడు మండలాలు, అంటే వలయాలు, దాటి నడవాలి. దించాక మళ్ళీ వడ్లు నలిపిస్తారు. చేయి కాలకపోతే నిర్దోషి. పలాసలో జీడిపిక్కలు కొట్టే కార్మికుల చేతులు చూసినవారికి ఇది చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. జీడి రసానికి నల్లబడి, తోలు ఊడిన ఆ వేళ్ళ మీద పాత మచ్చేదో, కొత్త బొబ్బేదో ఎవరు తేలుస్తారు? ఆడవారికి, ముసలివారికి, రోగులకు తక్కెడలో తూచే పరీక్ష చాలన్న కాస్త దయ ఆ స్మృతిలో ఉంది. బ్రాహ్మణుడినీ ఆ వరసలోనే చేర్చి, శూద్రుడికి మాత్రం నిప్పు, నీరు, విషం పరీక్షలు మిగిల్చింది.

ఐరోపాలో ఇలాంటి పరీక్షల్లో మతగురువులు పాల్గొనరాదని 1215లోనే రోమ్ చర్చి లాటరన్ మహాసభ కట్టడి చేసింది. నిందితుడి చేత అతని మీదే బలవంతంగా సాక్ష్యం చెప్పించరాదని మన రాజ్యాంగం 20(3) అధికరణం అంటోంది. ఇష్టం లేనివారికి మత్తుమందు ఎక్కించి మాట్లాడించే నార్కో పరీక్ష చేయరాదని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. పోలీసులకే లేని ఆ అధికారం గుప్పెడు బియ్యానికి ఎవరిచ్చారు?

బియ్యంతో మొదలైన అనుమానం అక్కడే ఆగదు. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న నెపంతో ప్రాణాలే తీసిన ఘోరాలు మన మన్యం ఊళ్ళకు తెలుసు. పొరుగున ఉన్న ఒడిశా మంత్రగత్తెలన్న ముద్ర వేసి సాగించే ఇటువంటి వేటను శిక్షించేందుకు 2013లో ప్రత్యేక చట్టం చేసుకుంది. మన శాసనసభ కూడా ఆ పని చేయాలి. ఈలోగా సర్పంచులు, సచివాలయ మహిళా పోలీసులు ఇలాంటి తంతు జరుగుతోందని తెలిసిన వెంటనే వెళ్ళి ఆపాలి. పోయిన గొలుసు నాలుగు రోజుల తర్వాత బీరువా వెనక దొరికితే, దొంగ అన్న ఆ పదిమందే మళ్ళీ కూర్చుని, ఆ మనిషికి క్షమాపణ చెప్పాలి.