పిచ్చివాళ్ల ఊరికి రోడ్డెందుకు?

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ దగ్గర గోటమ్ అనే పల్లె ఉంది. ప్రభుత్వ పాలన పాఠాల్లో ఆ ఊరికి ఇంతవరకు ఒక్క అధ్యాయం కూడా కేటాయించకపోవడం విచారకరం.

కింగ్ జాన్ (1199–1216) కాలం. రాజుగారు ఊరి మీదుగా వస్తున్నారని కబురొచ్చింది. రాజు నడిచిన దారి శాశ్వతంగా రహదారి అయిపోతుందని, దాని మరమ్మతు ఖర్చు ఊరి నెత్తిన పడుతుందని జనం భయం. వేరే ఊరైతే తోరణాలు కట్టి, దండలేసి, ఆ తర్వాత తీరిగ్గా ఏడ్చేది. గోటమ్ మాత్రం మూకుమ్మడిగా పిచ్చి నటించింది.

రాజు బంట్లు వచ్చేసరికి ఊరంతా పనిలో ఉంది. చెరువులో చేపలన్నీ మింగేసిన పాముచేపకు మరణశిక్ష పడింది: నీళ్లలో ముంచి చంపాలి! ఇంకొందరు చీజ్ దిమ్మల్ని కొండ మీంచి దొర్లిస్తున్నారు, నాటింగ్‌హామ్ సంతకు అవే వెళ్తాయట. రవాణా ఖర్చు ఆదా. మరికొందరు కోకిల చుట్టూ కంచె కడుతున్నారు. అది ఇక్కడే ఉంటే వసంతమూ ఇక్కడే ఉంటుందని లెక్క. కోకిల కాస్తా ఎగిరిపోయింది. వెంటనే సమీక్ష జరిగింది. పథకంలో లోపమేమీ లేదు, కంచె ఎత్తే చాలలేదని తేల్చారు. (ఇలాంటి సమీక్షలు తర్వాత కూడా చాలా దేశాల్లో జరిగాయి.)

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్న బాపతు జనమని బంట్లు నివేదించారు. రాజు వేరే దారి పట్టాడు.

ఇదంతా కట్టుకథ, ఆధారాల్లేవంటారు చరిత్రకారులు. నాటకం అంత బాగా ఆడినవాళ్లు ఆధారాలు వదిలేస్తారా?

16వ శతాబ్దంలో ఈ కథలు అచ్చుకెక్కాయి. చేపల వేటకెళ్లిన 12 మంది తిరిగొచ్చి, ఎవరికి వారు తమను వదిలేసి లెక్కపెట్టుకుని, ఒకడు మునిగిపోయాడని ఏడ్చిన కథా వాటిలో ఉంది. మన పరమానందయ్య శిష్యులు ఏరు దాటి చేసిందీ అదే. రెండు చోట్లా ఆడిటర్ ఒకడేనని నా అనుమానం.

1807లో వాషింగ్టన్ ఇర్వింగ్ అనే రచయిత న్యూయార్క్‌ను ఎగతాళి చేస్తూ దానికి ఈ ఊరి పేరే తగిలించాడు. అక్కణ్ణుంచి ఆ పేరు బ్యాట్‌మన్ నగరానికి పాకింది. ఒక్క రోడ్డు వద్దన్న పల్లె పేరు ఆకాశహర్మ్యాలకు దక్కింది. సొంతూళ్లో మాత్రం కోకిల పొద పేరుతో ఒక పబ్బు మిగిలింది.

మోటర్‌వే నుంచి నాటింగ్‌హామ్ వెళ్లే ఏ453 రోడ్డును వెడల్పు చేసే పని 2015లో పూర్తయింది. అదీ ఊళ్లోకి రాలేదు, పక్కనుంచే పోయింది. కొలతలకు వచ్చిన ఇంజనీర్లకు ఊరివాళ్లు ఏం చేస్తూ కనిపించారో ఎవరూ చెప్పడం లేదు.