కొండ మీద హోటల్ కట్టే ముందు

చలి మొదలైతే చాలు, ఆదివారం తెల్లవారుజామున దేవమాలి దారంతా బండ్లే. కోరాపుట్ జిల్లాలో 1,672 మీటర్లతో ఒడిశాలోకెల్లా ఎత్తయిన ఆ శిఖరం మీద సూర్యోదయం చూడాలని విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం నుంచి మనవాళ్లు రాత్రికి రాత్రే బయలుదేరుతున్నారు. సాలూరు ఘాటీ ఎక్కి సుంకి, పొట్టంగి దాటేసరికి చేతులు కొంకర్లు పోతాయి. టీ కొట్టు దగ్గర తెలుగు, ఒడియా కలిసిపోయి వినిపిస్తాయి. అక్కడ ఈ మధ్య తరచూ వినబడుతున్న మాట ఒకటుంది: "ఇంత చక్కటి కొండల్లో ఊటీలో, సిమ్లాలో ఉన్నట్టు ఒక పెద్ద హోటల్ ఎందుకు లేదు?"

ఆ కోరికలో మాకు తప్పేమీ కనిపించదు. కోరాపుట్ జిల్లాకు మంచి హోటల్ రావాలి. పగలంతా తిరిగి రాత్రికి మళ్లీ అరకుకో విశాఖకో పరుగెత్తే యాత్రికుడు ఇక్కడ ఖర్చు పెట్టేది ఒక టీ, ఒక బిస్కెట్ ప్యాకెట్. అతను రెండు రాత్రులు ఆగితేనే ఈ కొండలకు నాలుగు డబ్బులు. అయితే సిమ్లా పేరు ఎత్తాం కాబట్టి అక్కడి పాత హోటల్ ఎలా పుట్టిందో, ఇన్నేళ్లు ఎలా బతికిందో కూడా చూడాలి.

సిమ్లాలో చౌరా మైదాన్ దగ్గరున్న సెసిల్ హోటల్ 1884 నాటిది. అంతకు ముందు అదే చోట టెండ్రిల్ కాటేజ్ అని ఒక ఇల్లు ఉండేది. ఇంగ్లీషు రచయిత రడ్‌యార్డ్ కిప్లింగ్ అందులో బస చేశాడు. 1864 నుంచి సిమ్లా బ్రిటిష్ వాళ్ల వేసవి రాజధాని. ఎండలు ముదిరితే ప్రభుత్వమే ఫైళ్లతో సహా కొండెక్కేది. 1903లో కల్కా నుంచి 96 కిలోమీటర్ల చిన్న రైలు మార్గం పడ్డాక రాకపోకలు ఇంకా పెరిగాయి. 1922లో మోహన్‌సింగ్ ఒబెరాయ్ అనే పంజాబీ యువకుడు నెలకు 50 రూపాయల జీతానికి సెసిల్‌లో గుమాస్తాగా చేరారు. 1934లో భార్య నగలు తాకట్టు పెట్టి అదే ఊళ్లోని క్లార్క్స్ హోటల్ కొన్నారు. మరో పదేళ్లకు సెసిల్ యాజమాన్యం కూడా ఆయన చేతికే వచ్చింది.

ఈ కథ మనకు మరీ దూరపుదేమీ కాదు. గంజాం తీరాన గోపాలపురంలో 1914లో మాగ్లియోని అనే ఇటలీవాడు కట్టిన పామ్ బీచ్ హోటల్ తర్వాత ఒబెరాయ్‌ల చేతికే వెళ్లింది. బరంపురం తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లను అడిగితే ఇప్పటికీ దాన్ని ఒబెరాయ్ పేరుతోనే చెబుతారు. యజమానులు మారారు, ఇప్పుడు మేఫెయిర్ వాళ్లు నడుపుతున్నారు. పాతదని పడగొట్టకుండా బాగుచేసుకుని నడుపుకుంటున్నారు.

సెసిల్ కూడా అలాగే. చాలాకాలం మూతబడి, మరమ్మతుల తర్వాత 1997లో మళ్లీ తెరుచుకుంది. లోపల వేడినీళ్ల ఈత కొలను ఉంది, నగరంలోని పెద్ద హోటల్‌లో ఉండే సౌకర్యాలన్నీ ఉన్నాయి. వాటికోసమే అయితే జనం ఢిల్లీలోనే ఉండిపోవచ్చు. అక్కడిదాకా వెళ్లేది చెక్క నేల మీద అడుగుల చప్పుడు వినడానికి, కిటికీలోంచి దేవదారు చెట్లు చూడడానికి. ఆ మెట్ల మీద తమకన్నా ముందు ఎవరెవరు నడిచారో తలుచుకోవడానికి. కొత్తగా కట్టిన గాజు మేడ ఎంత ఖరీదైనా ఇది ఇవ్వలేదు. దీనికి వంద ఏళ్లు పడుతుంది, ఆ వంద ఏళ్లూ ఎవరో ఒకరు ఓపికగా కాపాడాలి.

ఆ వైభవం అడుగున ఉన్న చెమట గురించి కూడా చెప్పాలి. రైలు రాకముందు సిమ్లాకు పియానో దగ్గర్నుంచి పింగాణీ దాకా మనుషుల వీపు మీద, బండ్ల మీద ఎక్కింది. ఆ కొండ పల్లెల్లో జనం చేత కూలి ఇవ్వకుండా పని చేయించడాన్ని బేగార్ అనేవారు. మన భాషలో వెట్టి. అమెరికా నుంచి వచ్చి ఆ కొండల్లో స్థిరపడిన సామ్యూల్ స్టోక్స్ 1921 ప్రాంతంలో దాని మీద పోరాడారు. ఆ మరుసటి ఏడు, అంటే ఒబెరాయ్ సెసిల్‌లో చేరిన 1922లోనే, ఇక్కడ మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు మొదలైంది. దాని వెనకా కొండదారులు వేయించిన వెట్టి ఉంది. అందుకే ఈ కొండల్లో హోటల్ అనే మాట వినగానే మాకు మొదట గుర్తొచ్చేది గదుల సంఖ్య కాదు, మోసేవాళ్లెవరు అన్న ప్రశ్న.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. 2018 వేసవిలో సిమ్లాలో కుళాయిలు ఎండిపోయాయి. ట్యాంకర్ల దగ్గర జనం రాత్రంతా బారులు తీరారు, దయచేసి ఇప్పుడు రావద్దని అక్కడివాళ్లే పర్యాటకుల్ని వేడుకున్నారు. 2023 ఆగస్టులో కొండచరియలు విరిగిపడి అదే ఊళ్లో ప్రాణాలు పోయాయి. కొండ మోయగలిగినదానికన్నా ఎక్కువ బరువు పెట్టాం అనే మాట ఆ తర్వాత అక్కడ అందరి నోటా వచ్చింది. దేవమాలి కింద పల్లెల్లో జనం తాగేది ఊట నీరే. శిఖరం పక్కన వంద గదుల హోటల్ వెలిసి, బోర్లు దించి, ఆ ఊట ఎండితే వాళ్లు బిందె పట్టుకుని ఎక్కడికి వెళ్లాలి?

అందుకే మా అభిప్రాయం ఇది. శిఖరం మీద, దాని వాలు మీద కాంక్రీటు వద్దు. ఊళ్లోకి రండి. ఇదే జిల్లాలోని జయపురంలో జ్వరాలకు తట్టుకోలేక అప్పటి బ్రిటిష్ అధికారులు 19వ శతాబ్దంలో చల్లటి కోరాపుట్‌కు మకాం మార్చారు. ఒక రకంగా కోరాపుట్ మన సిమ్లాయే. మందపాటి గోడలు, పొడవాటి వరండాలు ఉన్న పాత బంగళాలు ఈ జిల్లాలో ఇంకా మిగిలాయి. వాటిలో కొన్నిటికి పైకప్పు కారుతోంది, కొన్నిటి తోటల్లో లంటానా పెరిగింది. కొత్త పునాదికి పెట్టే డబ్బులో కొంత వీటి మీద పెడితే పదీ పదిహేను గదుల మంచి హోటళ్లు తయారవుతాయి. పాతదనం కొనక్కర్లేదు, అది మన దగ్గరే పడి ఉంది.

ఇక ఆతిథ్యానికి ఏం పెట్టాలన్న టెన్షన్ అసలే అక్కర్లేదు. జయపురం రాజుల కాలంలో వచ్చిన కాఫీ ఇప్పుడు కోరాపుట్ కాఫీగా పేరు తెచ్చుకుంది. కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ జిల్లా సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వంగా ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2012లోనే గుర్తించింది. దేశవాళీ వరి విత్తనాల్ని ఏళ్ల తరబడి దాచిన కమలా పుజారికి 2019లో పద్మశ్రీ దక్కింది. ఆమె పుట్టింది ఈ జిల్లాలోనే. శ్రీకాకుళంవాళ్లు చోడంబలి అంటారు, ఇక్కడివాళ్లు మండియా పేజ్ అంటారు, గిన్నెలో ఉన్నది ఒకటే, రాగి అంబలి. ఇవన్నీ ఉండగా కోరాపుట్ హోటల్‌లో పొద్దున్నే కార్న్‌ఫ్లేక్స్ పెడితే అది మనకు అవమానమే.

ఉద్యోగాల మాట నోటిమాటగా ఉండకూడదు, లీజు కాగితంలో ఉండాలి. తోటమాలి, వాచ్‌మన్ కొలువులు మాత్రం ఇక్కడివాళ్లకిచ్చి రిసెప్షన్, వంటగది, మేనేజరు గది బయటివాళ్లతో నింపే పద్ధతి చాలాచోట్ల చూస్తున్నాం. పొట్టంగి కుర్రాడికి ఒడియా, దేసియా, తెలుగు మూడూ వచ్చు. కాస్త హిందీ, ఇంగ్లీషు నేర్పితే రిసెప్షన్‌లో అతనికన్నా పనికొచ్చేవాడు దొరకడు. సెసిల్‌లో 50 రూపాయల గుమాస్తాకు పైకి ఎక్కే మెట్లు కనిపించాయి. ఈ కుర్రాడికీ కనిపించాలి.

కోరాపుట్ షెడ్యూల్డ్ ప్రాంతం. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం ఇక్కడ గ్రామసభకు హక్కులిచ్చింది. ఏ హోటల్‌కైనా సెంటు భూమి ఇచ్చే ముందు పల్లిసభ, అంటే ఆ ఊరి జనం సభ, కూర్చోవాలి. ఎన్ని గదులు, రోజుకు ఎన్ని నీళ్లు, చెత్త ఎక్కడికి పోతుంది, ఎంతమందికి ఏ పని అన్నది అక్కడ చదివి వినిపించాలి. ఒడియాలో ఒక్కసారి చదివి సంతకాలు పెట్టించుకుంటే చాలదు. దేసియాలో చెప్పాలి, ఆదివాసీల కువి భాషలో చెప్పాలి, వెనక వరసలో కూర్చున్న ముసలమ్మ అడిగే ప్రశ్నకు జవాబు దొరికేదాకా సభ సాగాలి.