ఈస్ట్రోజెన్ గారి పదవీ విరమణ

ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను రాకను ఊరంతా పండగ చేసుకునే జాతి మనది. పిల్ల పెద్దమనిషైందంటే చాలు, చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి తినిపిస్తాం, హారతులు పాడతాం, ఫంక్షన్ హాలు మాట్లాడతాం. వీధి మొగలో ఫ్లెక్సీ కడతాం. అందులో పిల్ల కన్నా మేనమామల ఫొటోలే పెద్దవి. మెదడు నుంచి పిట్యూటరీ గ్రంథి ద్వారా అండాశయాలకు గుట్టుగా అందిన కబురును ఇంత బాహాటంగా చాటడం సామాన్యమా!

అదే హార్మోను ముప్పై ఏళ్లకు పైగా కొలువు చేసి దిగిపోతుంటే మాత్రం ఒక్క మేనమామా కనబడడు. ఆఫీసులో అటెండరు రిటైరైనా శాలువా కప్పి ఇంటిదాకా సాగనంపుతారు కదా!

మధ్యలో మాత్రం ఏం వెలగబెట్టాం? కాన్పయిన రెండు మూడు రోజుల్లోనే హార్మోన్లు ఒక్కసారిగా పడిపోయి బాలింత ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటే, దిష్టి తీసి ఊరుకున్నాం.

మన దేశంలో ముట్లుడిగే సగటు వయసు 46, 47 ఏళ్లు. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతేగాని ఆగిపోయిందని వైద్యశాస్త్రం ఒప్పుకోదు. అంతకు ముందు కొన్నేళ్ల పాటు ఈస్ట్రోజెన్ గారు వస్తారో రారో తెలియదు. మెదడులో కూర్చుని ఒంటి వేడిని కనిపెట్టి ఉండే హైపోథాలమస్‌కు దాంతో చాదస్తం పడుతుంది. వేడి ఇసుమంత పెరిగినా ఇల్లు అంటుకున్నంత గోల చేస్తుంది. రాత్రి రెండింటికి ఆవిడ చెమటతో లేచి ఫ్యాను అయిదు మీద పెడుతుంది. ఆయన దుప్పటి మెడదాకా లాక్కుని రెండుకు తిప్పుతాడు. తెల్లవార్లూ రెగ్యులేటర్ మీద అధికార మార్పిడి. పొద్దున్నే బంధువర్గానికి ఆయన విడుదల చేసే ప్రకటన ఒక్కటే: "ఈ మధ్య మా ఆవిడకు కోపం ఎక్కువైంది."

కాబట్టి ఊరూరా ఈస్ట్రోజెన్ వీడ్కోలు సభ తప్పనిసరి చేయాలని ప్రభుత్వానికి నా మనవి. మేనమామలు ఈసారి ఫొటోలు పంపనక్కర్లేదు. చదివింపుల్లో దంపతులకు చెరో ఫ్యాను ఇస్తే చాలు.

సభ జరిగేలోపు ఆయనే ఆవిడను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడనుకుందాం. "కోపం తగ్గడానికి ఏదైనా రాయండమ్మా" అంటాడు. డాక్టరమ్మ ఆవిడ చెప్పేదంతా విని, ఎముకలు గుల్లబారకుండా కాల్షియం, డి విటమిను, రోజూ నడక రాస్తుంది. అడుగున మరో వరుస: పొద్దుటి వంట భర్త చేయాలి.

ఆయన చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళ్లి, గొంతు తగ్గించి అడుగుతాడు: "ఆ చివరిదానికి జనరిక్ ఏమైనా ఉందా?"