సవరణ: గోజోలో ఆ రాతి ద్వారం ఇప్పుడు లేదు

మాల్టా యాత్ర గురించి మొన్న రాస్తూ, గోజో దీవికి వెళితే ద్వెయ్రా తీరంలో సహజంగా ఏర్పడిన రాతి ద్వారం 'అజూర్ విండో' తప్పక చూడమన్నాను. అది తప్పు. 2017 మార్చి 8న తుఫాను అలలకు అది పూర్తిగా కూలిపోయింది. పాత ఫొటోలు చూసి రాశాను, క్షమించండి. అయినా ద్వెయ్రా మానుకోకండి. పక్కనే బ్లూ హోల్ అనే లోతైన సహజ నీటిగుంట ఉంది. డైవింగ్ వచ్చినవాళ్లు ఇప్పుడు సముద్రం అడుగున ఆ కూలిన బండల్ని కూడా చూసి వస్తున్నారు.

ఇంకొకటి, మాల్టా ప్రధాన దీవిలో పావ్లా ఊళ్లోని హైపోజియం. సున్నపురాయిని తొలిచి భూగర్భంలో కట్టుకున్న, 5,000 ఏళ్లనాటి సమాధుల చోటు. టికెట్ గుమ్మం దగ్గరే కొనుక్కోవచ్చని రాశాను. కాదు. లోపలి ఎర్రరంగు చిత్రాలు మన ఊపిరి తేమకే దెబ్బతింటాయి కాబట్టి గంటకు పదిమందినే పంపుతారు. విమానం టికెట్ కన్నా ముందు దీన్ని ఆన్‌లైన్‌లో తీసుకోండి.